బతికించాక ఏమడుగుతున్నాం?

సోమవారం ఉదయం చాలా జిల్లాల కలెక్టరేట్ గేటు దగ్గర ఒక తనిఖీ జరుగుతుంది. తెలంగాణలో ప్రజావాణికి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు అర్జీలు పట్టుకొచ్చేవాళ్ల సంచులు విప్పించి చూస్తారు, సీసాల మూతలు తీయిస్తారు. పట్టా కాలేదనో, భూమి వివాదాల జాబితా పార్ట్-బీలో పడిందనో, రిజిస్ట్రేషన్లు నిషేధించిన 22ఏ జాబితాలోంచి సర్వే నంబరు తీయడం లేదనో తిరిగి తిరిగి విసిగిన రైతులు అధికారుల ఎదుటే ప్రాణం తీసుకోబోయిన ఘటనలు జరిగాక వచ్చిన జాగ్రత్త అది. అనవసరమని ఎవరూ అనలేరు. దానివల్ల ఒక ప్రాణం నిలబడవచ్చు. కానీ అలా ఆపిన రైతును జీపెక్కించి, స్టేషన్లో కూర్చోబెట్టి, నాలుగు మంచిమాటలు చెప్పి సాయంత్రానికి ఇంటికి పంపాక అతని సర్వే నంబరు ఏమైందని ఆరా తీయండి. చాలాసార్లు అది ఉన్నచోటే ఉంటుంది. మర్నాటి పత్రికలో మాత్రం 'అప్రమత్తమైన పోలీసులు' ఉంటారు.

చట్టం, ఆస్పత్రి, పరిహారం కమిటీ, కాలేజీ యాజమాన్యం, పత్రిక, చుట్టాలు, ఇరుగుపొరుగు... ఆత్మహత్య వైపు అడుగేసిన మనిషి విషయంలో వీళ్లంతా ఏం చేస్తున్నారో ఒకచోట పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. చావును ఆపడం, లెక్కించడం, దానికి బాధ్యుణ్ని తేల్చడం, పరిహారం కట్టడం మనకు ఎంతో కొంత వచ్చు. ఆ మనిషి అంతదాకా ఎందుకు వచ్చాడో అడిగి, విని, దాని మీద పనిచేయడం మాత్రం ఎవరి విధుల్లోనూ లేదు. ప్రాణం దక్కిన క్షణాన అందరి పనీ అయిపోతుంది. బాధ మాత్రం ఆ మనిషితోపాటే ఇంటికి వెళుతుంది.

ముందు చట్టం సంగతి. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 309వ సెక్షన్ ఆత్మహత్యాయత్నానికి ఏడాది వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ విధించింది. ఆ శిక్షాస్మృతిని మనకు రాసిపెట్టిన ఇంగ్లండే తన గడ్డ మీద ఆ నేరాన్ని 1961లో ఎత్తేసుకుంది. మన లా కమిషన్ 1971లో, 42వ నివేదికలో, ఈ సెక్షన్ తీసేయమంది. 2008లో 210వ నివేదికలో మళ్లీ చెప్పింది. కోర్టులు ఒక మాట మీద నిలబడలేదు. బొంబాయి హైకోర్టు 1986లో సెక్షన్‌ను కొట్టేసింది. ఆ తర్వాత కొద్దికాలానికే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాన్ని సమర్థించింది. సుప్రీంకోర్టు 1994లో రత్తినం కేసులో చెల్లదంది, 1996లో జ్ఞాన్ కౌర్ కేసులో ఐదుగురు జడ్జిల ధర్మాసనం చెల్లుతుందంది.

బొంబాయి కేసు వాస్తవాలు ఒకసారి చూడాలి. నిందితుడు పోలీసు కానిస్టేబుల్. రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి మనసు చెదిరింది. చిన్న దుకాణం పెట్టుకోవడానికి అనుమతి కోసం కార్పొరేషన్ చుట్టూ తిరిగాడు, అధికారిని కలవనివ్వలేదు. ఆఫీసు దగ్గరే ప్రాణం తీసుకోబోతే పట్టుకున్నారు, 309 కింద కేసు పెట్టారు. ఇలాంటివాళ్లకు కావలసింది జైలు కాదు, వైద్యమని హైకోర్టు చెప్పింది. మంచి తీర్పే, కాదనను. అయితే అక్కడి నుంచి నేటిదాకా సాగిన వాదనంతా ఇది నేరమా, జబ్బా అనే రెంటి మధ్యే తిరిగింది. దుకాణం అనుమతి గురించి ఆ చర్చల్లో ఎక్కడా వినబడదు.

ఇరోం షర్మిల ఉదంతం మరీ విడ్డూరం. 2000 నవంబరులో మణిపూర్‌లోని మాలోంలో సాయుధ దళాల కాల్పుల్లో పదిమంది పోయాక, సైన్యానికి ప్రత్యేకాధికారాలిచ్చే చట్టాన్ని ఎత్తేయాలని ఆమె నిరాహారదీక్షకు కూర్చుంది. తనకు చావాలని లేదని పదేపదే చెప్పింది. ప్రభుత్వం మాత్రం దాన్ని ఆత్మహత్యాయత్నంగా రాసుకుని అరెస్టు చేసింది. 2016 ఆగస్టులో ఆమె దీక్ష విరమించేదాకా, దాదాపు పదహారేళ్లు, ముక్కులోకి వేసిన గొట్టంతో ఆహారం పంపి బతికించింది. ఆమె లేవనెత్తిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఆమెను బతికించడమే ప్రభుత్వం పనైంది. ఆమెది ఆత్మహత్యాయత్నం కాదు గనుక ఈ ఉదాహరణ ఇక్కడ సరిగ్గా ఇమడదనొచ్చు. కానీ ఆ సెక్షన్ దేన్ని చూస్తుందో, దేన్ని చూడదో ఇంతకంటే తేటగా చూపే కేసు మన దేశంలో లేదు.

2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది, మరుసటి ఏడాది అమలైంది. అందులో 115వ సెక్షన్‌కు రెండు భాగాలు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి, వేరే రుజువు లేకుంటే, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అన్నది మొదటిది. ఆ మనిషికి సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించి, మళ్లీ అలాంటి ప్రయత్నం జరగకుండా చూసే బాధ్యత ప్రభుత్వానిది అన్నది రెండోది. మొదటి భాగం మీద సెమినార్లు జరిగాయి, సంపాదకీయాలొచ్చాయి. రెండో భాగాన్ని అమలు చేయాల్సిన అధికారి ఎవరని ఒక జిల్లాలో అడిగి చూడండి, చెప్పగలిగేవాళ్లు అరుదు.

2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి రావడంతో 309 చరిత్రలో కలిసింది. దాని చోట 226 అనే కొత్త సెక్షన్ పుట్టింది. ప్రభుత్వోద్యోగిని తన విధి విషయంలో ఒత్తిడి చేయడానికో, అడ్డుకోవడానికో ఆత్మహత్యకు ప్రయత్నిస్తే ఏడాది వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. అంటే ఇంట్లో ఒంటరిగా ప్రయత్నిస్తే బాధితుడు, ఆఫీసు మెట్ల మీద ప్రయత్నిస్తే నిందితుడు. మానసిక ఆరోగ్య చట్టంలోని 115వ సెక్షన్ 309ని పేరు పెట్టి పక్కకు నెట్టింది. అప్పటికి 226 లేదు. ఆ రక్షణ దీనికీ వర్తిస్తుందా అన్నది వాదనకే మిగిలింది. బెదిరింపు కోసం చావును వాడుకునేవాళ్లు లేరా అంటే ఉన్నారు. సెల్ టవరెక్కిన ప్రతివాడూ చావడానికే ఎక్కడు. అయితే టవరెక్కితే తప్ప తహసీల్దార్ తన కాగితం చూడడనే నమ్మకం ఒక మనిషికి ఎన్నేళ్లకు కలిగింది, ఎన్ని వాయిదాల తర్వాత కలిగింది అన్నది కొత్త సెక్షన్ అడగదు.

ఆస్పత్రిలో భాష వేరు, తీరు అంతగా వేరు కాదు. అర్ధరాత్రి క్యాజువాలిటీకి తెచ్చిన మనిషి కేస్‌షీట్ మీద ఎంఎల్‌సీ (మెడికో-లీగల్ కేసు) అని పడుతుంది. వార్డులో అతనికి పేరుండదు, 'పాయిజన్ కేసు' అంటారు. ఔట్‌పోస్టుకు కబురు, వాంగ్మూలం, విరుగుడు మందులు, అవసరమైతే వెంటిలేటర్. ఒకే నర్సు పాతిక మంచాలు చూసే వార్డులో డాక్టర్లు, సిబ్బంది రాత్రంతా నిలబడి ఎన్ని ప్రాణాలు నిలబెడతారో చూసినవాళ్లకే తెలుసు. అక్కడే బంధువులు చుట్టూ చేరతారు. 'పిల్లల మొహం గుర్తు రాలేదారా?' 'చచ్చి ఏం సాధిద్దామని?' 'నలుగుర్లో మా పరువు తీశావు కదే.' భయంలోంచి, ప్రేమలోంచి వచ్చే మాటలే చాలావరకు. కానీ తాను అందరికీ బరువైపోయానని అప్పటికే అనుకుంటున్న మనిషికి ఆ మాటలతో ఆ అనుమానం రూఢి అవుతుంది. తలొంచుకుని 'తప్పయింది' అంటాడు. అందరూ ఊపిరి పీల్చుకుంటారు. జరిగిందేమిటో చెప్పడానికి అతనికి ఉన్న ఒకే అవకాశం ఆ క్షమాపణతో మూసుకుపోతుంది.

డిశ్చార్జి రోజున ఒక చీటీ మీద సైకియాట్రీ ఓపీకి వెళ్లమని రాస్తారు. ఎంతమంది వెళతారు? నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, వేర్వేరు మానసిక సమస్యలున్నవాళ్లలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. దేశంలో లక్ష జనాభాకు ఒక సైకియాట్రిస్టు కూడా లేరు. అసలు ఈ చికిత్స బాగా అందే దేశాల్లోనూ ప్రమాదం ఎక్కువగా ఉండేది మనోవైద్య వార్డు నుంచి ఇంటికి వెళ్లిన మొదటి మూడు నెలల్లోనేనని 2017లో అనేక దేశాల అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణ తేల్చింది. వార్డులో ఉన్నన్నాళ్లూ మనిషి చుట్టూ మనుషులుంటారు. ఇంటికెళితే అదే అప్పు, అదే మొగుడు, అదే ఫోన్ కాల్.

ఇక్కడ శ్రీలంక అనుభవం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. 1990ల మధ్యలో ప్రపంచంలోనే అత్యధిక ఆత్మహత్యల రేటున్న దేశాల్లో అదొకటి. అత్యంత విషపూరితమైన పురుగుమందులను అక్కడి ప్రభుత్వం ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ వచ్చింది. తర్వాతి రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. ఉపదేశాలతో, పోస్టర్లతో ఇంత తగ్గించిన దేశం లేదు. తీవ్రమైన ఆవేశం, నిస్పృహ చాలామందిలో కొన్ని గంటలే ఉంటాయి, ఆ గంటలు గడిస్తే మనిషి మిగులుతాడు అన్న సూత్రానికి ఇదే పెద్ద సాక్ష్యం. కాబట్టి బావి మీద మూత, మందు డబ్బాకు తాళం, హాస్టల్ డాబాకు గేటు లాంటి వాటిని తేలిగ్గా తీసిపారేయడం పండిత విలాసమే అవుతుంది. అయితే శ్రీలంక లెక్కల్లో రెండో సగం ఉంది, అది మనదగ్గర ఎవరూ చెప్పరు. ప్రాణాలు పోవడం తగ్గింది గానీ విషం తాగి ఆస్పత్రికి వచ్చేవాళ్ల సంఖ్య ఆ మేరకు తగ్గలేదు. జనం బతికారు, బాధపడేవాళ్లు మాత్రం అలాగే ఉన్నారు. నిషేధం వాళ్లకు సమయం ఇచ్చింది. ఆ సమయంలో ఏం చేయాలన్నది నిషేధం చెప్పే విషయం కాదు.

మన రాష్ట్రాలకు వస్తే, ప్రభుత్వం అత్యంత శ్రద్ధగా కాగితాలు నింపేది రైతు చనిపోయాకే. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన జీవో 421 రైతు ఆత్మహత్యలకు లక్షన్నర పరిహారం ప్రకటించింది: కుటుంబానికి లక్ష, అప్పుల పరిష్కారానికి యాభై వేలు. తెలంగాణ 2015లో జీవో 194తో దాన్ని 6 లక్షలు చేసింది. ఆంధ్రప్రదేశ్ 2015లో 5 లక్షలకు, 2019లో 7 లక్షలకు పెంచింది. డబ్బు పెరిగింది, పద్ధతి పెద్దగా మారలేదు. మండలంలో తహసీల్దార్, ఎస్సై, వ్యవసాయాధికారి. పైన ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీఏ. ఈ కమిటీలు విచారించి ఆ చావు 'జెన్యూనా, కాదా' తేలుస్తాయి. ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం, ఫోరెన్సిక్ రిపోర్టు, పాసుపుస్తకం, బ్యాంకు అప్పుల వివరాలు, ప్రైవేటు అప్పులకు ప్రామిసరీ నోట్లు చూపించాలి. వడ్డీ వ్యాపారి నోటు చూపిస్తాడా? కౌలు ఒప్పందం నోటిమాట మీద నడిచే ఊళ్లో కౌలుకాగితం ఎక్కడిది? మొగుడు పోయిన నెల తిరక్కుండానే ఆఫీసుల చుట్టూ తిరిగే ఆ భార్య, తన భర్త వ్యవసాయం వల్లే అప్పులపాలయ్యాడని, తాగుడు వల్ల కాదని, కూతురి పెళ్లి వల్ల కాదని నిరూపించుకోవాలి. తాగుడు, కూతురి పెళ్లి, బోరు ఎండడం, పత్తి రేటు పడడం ఒక ఇంట్లో నాలుగు వేర్వేరు విషయాలుగా ఉంటాయా? కమిటీకి అలాగే ఉండాలి.

కౌలు రైతు కథ ఇంకా దారుణం. రైతు స్వరాజ్య వేదిక 2018లో తెలంగాణలో ఆత్మహత్య చేసుకున్న రైతుల కుటుంబాలను కలిసి చేసిన అధ్యయనంలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది కౌలుదారులేనని తేలింది. అదే ఏడాది మొదలైన రైతుబంధు కౌలుదారుకు అందలేదు. 2018 ఆగస్టులో వచ్చిన రైతుబీమా ఒక విషయంలో నిజంగా మేలైన ఆలోచన. చావు ఎలా వచ్చిందని అడగకుండా 5 లక్షలు ఇస్తుంది, దాంతో 'జెన్యూన్' గొడవే ఉండదు. కానీ పట్టాదారు పేరు ఉండాలి, వయసు 18 నుంచి 59 లోపు ఉండాలి. 60 దాటిన ముసలి రైతుకూ, భూమి లేని సేద్యగాడికీ అందులో చోటు లేదు. 2011లో ఉమ్మడి రాష్ట్రం కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం చేసింది. 2019లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన కొత్త చట్టంలో కార్డుకు భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి ఎక్కడ పోతుందోనని యజమాని భయం. కాబట్టి కార్డు లేదు, బ్యాంకు అప్పు లేదు, నూటికి మూడు రూపాయల వడ్డీ ఉంది. ఇదంతా మనిషి బతికుండగా జరుగుతుంది. అప్పుడు ఈ కమిటీల్లో ఏదీ ఆ ఇంటి గడప తొక్కదు.

లెక్కల్లో ఈ బాధ ఎలా మాయమవుతుందో చూడాలంటే జాతీయ నేర రికార్డుల బ్యూరో పట్టికలు తిరగేయాలి. 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. కారణాల్లో 'కుటుంబ సమస్యలు' 31.7 శాతం, 'అనారోగ్యం' 18.4 శాతం. సగం చావులు రెండు గడుల్లో సర్దేశారన్నమాట. వ్యవసాయ రంగంలో 11,290 మంది, గృహిణులు 25,309 మంది. పొలంలో నాట్లేసి, కలుపు తీసి, పత్తి ఏరిన ఆడమనిషి పేరిట పట్టా లేకపోతే ఆమె గృహిణి గడిలోకి వెళ్లే అవకాశమే ఎక్కువ. ఈ సంగతి జర్నలిస్టు పి. సాయినాథ్ ఏళ్ల తరబడి రాస్తూ వచ్చారు.

తెలుగు జిల్లా ఎడిషన్లు చదివేవాళ్లకు 'కడుపునొప్పి తాళలేక' అన్న వాక్యం కొత్తది కాదు. నిజంగా తగ్గని జబ్బుతో నలిగినవాళ్లు ఉన్నారు, వాళ్లకు మందు దొరకలేదన్నది వేరే పెద్ద కథ. కానీ చాలా పంచనామాల్లో కడుపునొప్పి ఎవరికీ ఇబ్బంది లేని కారణం. పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు, ఊరి పెద్దలు, కొన్నిసార్లు పోలీసులు కూడా దాని మీద తేలిగ్గా ఒప్పందానికొస్తారు. పెళ్లయిన ఏడేళ్లలోపు ఆడపిల్ల పోతే మేజిస్ట్రేట్ విచారణ జరపాలని చట్టం ఉంది. ఎనిమిదో ఏట నుంచి ఆ పిల్ల కష్టం చట్టానికి అంత ఆసక్తి కలిగించదు. 2016లో ప్రపంచంలో ఆత్మహత్య చేసుకున్న ఆడవాళ్లలో 36.6 శాతం మంది భారతీయులేనని లాన్సెట్ పబ్లిక్ హెల్త్‌లో వచ్చిన అధ్యయనం చెప్పింది. అంత పెద్ద సంఖ్యకు మన దగ్గరున్న వివరణ 'కుటుంబ సమస్యలు'. బతికి బయటపడ్డ ఆడమనిషికి దొరికే కౌన్సెలింగ్ చాలాచోట్ల మొగుణ్నీ పెళ్లాన్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి 'సర్దుకుపో అమ్మా' అని కాపురానికి పంపడంతో ముగుస్తుంది. ఆమె పారిపోవాలనుకున్నది అక్కడి నుంచే కదా అని ఆ గదిలో ఎవరికీ తట్టదు.

ఇంటర్ చదువుల సంగతి వేరేగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ కమిటీలకు కొదవ లేదు. కార్పొరేట్ కాలేజీల్లో పిల్లల చావుల మీద 2001లో నీరదారెడ్డి కమిటీ వేశారు. 2017లో ఆంధ్రప్రదేశ్ చక్రపాణి కమిటీ వేసింది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లి, తెలుగులో 99 వచ్చిన అమ్మాయి మెమోలో సున్నా పడ్డ రోజుల్లో ఇరవైమందికి పైగా పిల్లలు పోయారు. ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు, ఫెయిలైనవాళ్లందరికీ ఉచితంగా రీవెరిఫికేషన్ చేశారు. అప్పుడు టీవీల్లో, ఫోన్లలో తిరిగిన సందేశం ఒకటే: ఒక పరీక్ష పోతే జీవితం పోయినట్టా? నిజమే, పోదు. కానీ ఆ పిల్లకు ఆ సంగతి అంతకుముందు రెండేళ్లు ఎవరు చెప్పారు? ప్రతి వారాంతం పరీక్ష, సోమవారం ర్యాంకు, ర్యాంకును బట్టి సెక్షన్, సెక్షన్‌ను బట్టి లెక్చరర్ చూపు, ఆదివారం ఫోన్లో నాన్న అడిగే మొదటి ప్రశ్న, ఇవన్నీ చెప్పింది దానికి సరిగ్గా ఉల్టా మాట. రెండేళ్లు పరీక్షే జీవితమని నేర్పి, ఫలితాల రోజున కాదని చెబితే నమ్మడం పదిహేడేళ్ల పిల్లకు కష్టం.

రాజస్థాన్‌లోని కోటాలో 2023లో అధికారులు హాస్టళ్ల ఫ్యాన్లు మార్చమన్నారు, బాల్కనీలకు వలలు కట్టించారు. విశాఖపట్నంలో నీట్ శిక్షణలో ఉన్న ఒక విద్యార్థిని మరణం మీద 2025 జులైలో తీర్పిస్తూ సుప్రీంకోర్టు కూడా ఫ్యాన్లు, డాబాల గురించి చెప్పింది, వంద లేదా అంతకంటే ఎక్కువమంది విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలంది. అంతటితో ఆగకుండా మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచులుగా విడదీయడం, నలుగురిలో సిగ్గుపడేలా చేయడం కూడదంది. ఆ మార్గదర్శకాలన్నిట్లో నాకు అసలైనదిగా కనబడేది ఈ ఒక్కటే, ఎందుకంటే ఇది పిల్ల మీద కాకుండా కాలేజీ మీద పనిచేస్తుంది. కౌన్సెలర్‌ను పెట్టడం యాజమాన్యానికి సులువు. బ్రోచర్లో ఫొటో కూడా వేసుకోవచ్చు. 'సూపర్' బ్యాచ్ ఎత్తేయడమంటే వ్యాపారం తీరే మార్చుకోవడం.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 2016 జనవరి 17న పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల చనిపోయాక జరిగింది దీనికి మరో కొస. అతని ఫెలోషిప్ డబ్బు నెలల తరబడి ఆగింది. తోటి దళిత విద్యార్థులతోపాటు అతన్ని హాస్టల్ నుంచి బయటకు పంపారు, వాళ్లు బయట గుడారం వేసుకుని ఉన్నారు. కేంద్రం వేసిన రూపన్‌వాల్ కమిషన్ మాత్రం కారణం వ్యక్తిగత నిరాశేనంది, అతను దళితుడు కాదంది. 2024లో తెలంగాణ పోలీసుల ముగింపు నివేదిక కూడా కుల ధ్రువీకరణ దగ్గరే ఆగింది. ఒక విద్యార్థి ఎలా వెలి అయ్యాడన్న ప్రశ్న చివరికి అతని తల్లి కాగితాల మీద విచారణగా మారింది. జీవో 421 కమిటీకీ దీనికీ పెద్ద తేడా లేదు. రెండు చోట్లా చచ్చినవాడి అర్హతే తేలాల్సిన విషయమైంది.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి మానసిక వైద్యం దండగ, అప్పు తీరిస్తే చాలు అని ఎవరైనా అనుకుంటే అదీ అంతే ప్రమాదం. ఒకేలాంటి అప్పు ఉన్నవాళ్లలో ఎక్కువమంది బతుకుతారు. డిప్రెషన్, తాగుడు, మునుపటి ప్రయత్నం, ఒంటరితనం కలిసి పనిచేస్తాయి. ఆత్మహత్యల వెనక దాదాపు ప్రతిసారీ మానసిక జబ్బు ఉంటుందని పాశ్చాత్య అధ్యయనాలు చెబుతాయి. భారత్, చైనాల్లో జరిగిన కొన్ని అధ్యయనాల్లో ఆ నిష్పత్తి బాగా తక్కువగా వచ్చింది. అంతమాత్రాన జబ్బు లేదని కాదు. ప్రతిపక్షాలకు 'రైతు ఆత్మహత్య', ప్రభుత్వానికి 'కుటుంబ కలహం', పత్రికకు 'క్షణికావేశం', డాక్టరుకు 'డిప్రెషన్'... ఎవరికి కావలసిన ఒక్క కారణం వాళ్లు ఏరుకుంటారు. పత్రికలు ఒక్క కారణానికి కుదించి రాయకూడదని, పద్ధతులు వర్ణించకూడదని 2019లో ప్రెస్ కౌన్సిల్ మార్గదర్శకాలిచ్చింది. మన పత్రికల్లో పాటించేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

లాస్ ఏంజెలిస్‌లో 1958లో ఆత్మహత్యల నివారణ కేంద్రం స్థాపకుల్లో ఒకడైన ఎడ్విన్ ష్నైడ్‌మన్ జీవితమంతా చెప్పింది ఒకటే. మనిషి కోరేది చావును కాదు, భరించలేని మనోవేదన ఆగడాన్ని. కాబట్టి ఎదుటివాణ్ని ముందు అడగాల్సింది నీకెక్కడ బాధగా ఉందని, నేనేం చేయగలనని. ఇది చెప్పడానికి తేలిక, చేయడానికి కష్టం. అడిగామంటే వినాలి, విన్నామంటే ఏదో ఒకటి చేయాల్సి వస్తుంది. అందుకేనేమో 'నీకేం తక్కువ?' అని అడగడం మనకు సుఖం. చావాలనిపిస్తోందా అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామందికి భయం. పరిశోధనలు దాన్ని సమర్థించలేదు. చాలామందికి ఆ ప్రశ్న ఊరటే అవుతుంది. సికింద్రాబాద్‌లో రోష్ని, చెన్నైలో 1986 నుంచి స్నేహ అనే సంస్థలు ఫోన్ దగ్గర చేస్తున్నది ఈ పనే. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ-మానస్ 14416 నంబరుకు ఏ వేళైనా తెలుగులో మాట్లాడవచ్చు. ఈ వ్యాసం చదువుతున్నవాళ్లలో ఎవరికైనా ఆ నంబరు తమకోసమే అనిపిస్తే ఇప్పుడే చేయండి, వ్యాసం ఎక్కడికీ పోదు.

అయితే వినడం ఒక్కటే చాలని కూడా అనుకోను. వికారాబాద్ జిల్లాలో 2017లో మొదలైన కిసాన్ మిత్ర హెల్ప్‌లైన్ నాకు నచ్చేది ఇందుకే. రైతు ఫోన్ చేసి కుంగుబాటు గురించి మొదలుపెట్టడు, పాసుపుస్తకం రాలేదని, ఇన్సూరెన్స్ పడలేదని, బ్యాంకువాళ్లు అప్పు రెన్యువల్ చేయడం లేదని చెబుతాడు. ఫోన్ ఎత్తినవాళ్లు ఆ మాటను అలాగే రాసుకుంటారు, క్షేత్ర కార్యకర్తలు ఆ కాగితం వెంట తహసీల్దార్ ఆఫీసుకు, బ్యాంకుకు వెళతారు, పని కదిలేదాకా వెంటపడతారు. బాగా కుంగిపోయినట్టు అనిపిస్తే కౌన్సెలర్‌కు కలుపుతారు. బాధను, దాని కారణాన్ని ఒకే ఫోన్లో పట్టుకోవడం అంటే ఇది. పెద్ద ఎత్తున చూస్తే 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన మైక్రోఫైనాన్స్ ఆర్డినెన్స్ ఆ కోవలోదే. వారం వారం ఇంటి ముందు కూర్చుని పరువు తీసే వసూళ్ల వల్ల ఆడవాళ్లు చనిపోతున్నారని తెలిశాక ప్రభుత్వం వాళ్లకు ధైర్యం నూరిపోయలేదు, వసూలు పద్ధతి మీద పడింది. దాంతో చిన్న అప్పులే దొరకకుండా పోయాయన్న విమర్శలో నిజముంది. సిరిసిల్ల మరమగ్గాలకు 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు ఇవ్వడమూ అలాంటిదే. పని దొరికితే నేతగాడి ఇంట్లో ఊరట ఎంతో, ఆర్డర్లు ఆగినప్పుడు అక్కడ మళ్లీ రాజుకున్న ఆందోళనే చెప్పింది.

ఇంతకంటే చిన్న పని ఒకటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు నగరాల్లో ఆత్మహత్యాయత్నంతో ఆస్పత్రికి వచ్చిన 1,867 మందితో ఒక ప్రయోగం చేసింది. వాటిలో మన చెన్నై ఒకటి. సగం మందికి మామూలు చికిత్స. మిగతా సగానికి అదనంగా డిశ్చార్జికి ముందు ఒక గంట మాట్లాడడం, తర్వాత పద్దెనిమిది నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్లోనో ఇంటికెళ్లో పలకరించడం. 2008లో వచ్చిన ఫలితాల ప్రకారం మామూలు చికిత్స పొందినవాళ్లలో 2.2 శాతం మంది ఆత్మహత్యతో పోయారు, పలకరింపులు అందినవాళ్లలో 0.2 శాతం. కొత్త మందు లేదు, యంత్రం లేదు.

టీబీ రోగి మందులు వేసుకుంటున్నాడా అని ఇంటికెళ్లి చూసే ఏర్పాటు మన ఊళ్లలో ఉంది. గర్భిణి ఎన్నో నెలలో ఉందో ఆశా కార్యకర్త రిజిస్టర్లో ఉంటుంది. విషం వార్డు నుంచి ఇంటికి వెళ్లిన మనిషి కోసం అలాంటి పేజీ సాధారణంగా కనబడదు. 2030 నాటికి ఆత్మహత్య మరణాలను 10 శాతం తగ్గిస్తామని 2022 నవంబరులో కేంద్రం జాతీయ వ్యూహం ప్రకటించింది. 115వ సెక్షన్ రెండో భాగం కూడా చేతిలోనే ఉంది. ఆ పేజీ తెరవడానికి కొత్త చట్టం అక్కర్లేదు. జిల్లా ఆస్పత్రి డిశ్చార్జి చేసిన రోజునే ఊరి ఆరోగ్య కేంద్రానికి, ఆ మనిషి ఒప్పుకుంటే, పేరు చేరాలి. తొమ్మిదిసార్లు వెళ్లే మనిషికి దానికి సరిపడా జీతం ఇవ్వాలి. వెళ్లినప్పుడు ఆ ఇంటి మనిషి చెప్పేది పాసుపుస్తకం గురించైతే తహసీల్దార్‌కు, మొగుడి దెబ్బల గురించైతే రక్షణాధికారికి, ఫెలోషిప్ గురించైతే రిజిస్ట్రార్‌కు వెళ్లిన కార్యకర్త రాసే చీటీ చేరాలి, దానికి జవాబు గడువులోగా రావాలి. ఇప్పటికైతే ఆ చీటీకి ఫారమూ లేదు, అందుకుని రసీదు ఇచ్చే అధికారీ లేడు.